వేలిమీద పాకం

కోకో పొడి ముందు నీళ్ళలో కలవనంటుంది.
పైపైన తేలుతుంది, తుంపర పడ్డ మా వీధి దుమ్ములాగ.
అందుకని పంచదారతో పొడిగానే కలిపి
చెంచాడు చెంచాడుగా వేణ్ణీళ్ళు పోసి
మెత్తగా మెదపాలి.
ఈ సంగతి నాకు మూడో ప్యాకెట్టుకి తెలిసింది.
మొదటిది ఉండలు కట్టింది,
రెండోది మాడిపోయి
పీచేసి తోమినా గిన్నెని వదల్లేదు.

ప్యాకెట్టు డెబ్బై రూపాయలు.
కాశీబుగ్గ జెరాక్సు షాపులో నా రోజుకూలి రెండొందలు.
కలుపుతూనే లెక్కేసుకుంటున్నాను.

గడపమీంచి మా దాలమ్మ మామ్మ
ముక్కు ఎగబీల్చింది:
"ఏటే గుంటా, జీడిరసం కాస్తన్నావేటి?
నలుపు సూస్తే అలాగే ఉంది."

ముప్పై రెండేళ్ళు పలాసలో పిక్కలు కొట్టిన మనిషి.
తెల్లారకుండానే అరచేతులకి బూడిద రాసుకుని
పీట ముందు కూర్చునేది.
పప్పు చెక్కుచెదరకుండా షావుకారు డబ్బాలోకి పోయేది,
నలుపు మామ్మతోపాటు ఇంటికొచ్చేది.
నన్నెప్పుడూ అరచేత్తో నిమిరేది కాదు,
మణికట్టుతో నిమిరేది.
అందరి మామ్మలూ అలాగే నిమురుతారనుకున్నాను
పదేళ్ళొచ్చేదాకా.

చెంచా వెనక పూతలా పట్టాలి, అప్పుడు దించాలి.
పట్టిందో లేదో నాకు తెలియదు.
మంట తగ్గించాను, పెంచాను, మళ్ళీ తగ్గించాను.
బుడగలు చిన్నవై, నెమ్మదై,
రాత్రి గూడ్సు బండి స్టేషను దాటుతున్నట్టు
లోపల్లోపల ఒకటే గురగుర.

మామ్మ లేచొచ్చి నన్ను మోచేత్తో పక్కకి తోసింది.
ఉడుకుతున్న సాసులో వేలు పెట్టింది!
నేను కేకేశాను, తను వెయ్యలేదు.
"సచ్చిన తోలే ఇది. దీనికేటి తెలుస్తాది."
బొటనవేలూ చూపుడువేలూ కలిపి, విప్పి,
మధ్యన సాగిన తీగని
వెలుతురుకి పెట్టి చూసింది.
బెల్లం పాకాలు ఎన్నింటినో చదివిన చెయ్యి.
"దించీ. సల్లారితే అదే బిగుస్తాది.
పొయ్యిమీదే బిగిసిందంటే
రేపు ఉలి తెచ్చుకోవాల."

దించాను. వెన్న లేదు, నెయ్యి వేశాను.
చిటికెడు ఉప్పు వేస్తుంటే చెయ్యి పట్టుకుంది:
"తీపిలో ఉప్పేటే, మతి పోనాదా?"
ఆగలేదు. వేసేశాను.

కరెంటు పోయి గంటైంది.
పది రూపాయల ఐస్‌క్రీము కప్పులు రెండూ
అప్పటికే అంచుల్లో కన్నీరవుతున్నాయి.
మీద పోశాను.
తెలుపు మీద నలుపు జారుతూ జారుతూ
ఒకచోట ఆగి మెరిసింది.
గుప్పెడు జీడినూక జల్లబోతే
మామ్మ చెయ్యి అడ్డం పెట్టింది.
"అయ్యొద్దు."
అంతే అంది.

మాట్లాడకుండా తిన్నది.
కప్పు అడుగు గీకింది, మూత నాకింది,
ఫ్రిజ్జు తలుపుకి చెయ్యి ఆన్చి
మోకాళ్ళు పట్టుకుని లేచి వెళ్ళింది.

తెల్ల తలుపు మీద వేలిముద్ర.

పోయిన నెల డిపో కుర్రాడు అన్నాడు,
"వేలు తుడిచి పెట్టమ్మా."
తుడిచింది, చీరకి, గోడకి, నా చున్నీకి.
నాలుగుసార్లూ యంత్రం ఎర్రగానే వెలిగింది.
వెనకాల లైన్లో ఎవరో విసుక్కున్నారు.
చివరికి నా వేలు పెట్టి
మామ్మ బియ్యం తెచ్చుకున్నాం.
దారంతా సంచీ తనే మోసింది, నన్ను ముట్టనివ్వలేదు.

ఇప్పుడు ఆ మరక దగ్గరగా వెళ్ళి చూశాను.
గీత ఒక్కటీ లేదు.
నున్నగా, గోధుమరంగులో,
అచ్చం జీడిపిక్కంత.
ఎక్కణ్ణుంచి వచ్చాయో చీమలు,
అప్పుడే ఒకదాని వెనక ఒకటి
తలుపెక్కుతున్నాయి.
వాటికి గీతలతో పనిలేదు.

తడిగుడ్డ పట్టుకుని నిలబడ్డాను.
పెరట్లోంచి కేక:
"గుంటా! ఆ ఉప్పేసింది
ఇంకా ఏటైనా మిగిలిందేటి?"